బంతి మొక్క – దాని పెంపకము

పెరటి మొక్కలలో కొన్నింటిని మనము గౌరవముతో పెంచుదుము. కొన్నింటిని చనువుతో పెంచుదుము. గులాబికి కుండీ, కంచె, కత్తెర, వేళకు ఎరువు సమకూర్తుము. బంతికి మాత్రము ఏమియు సమకూర్పము. విత్తనము చల్లి విడిచిపెట్టుదుము. అది మొలచును; పూయును; పూసినన్నాళ్లు కోసికొందుము; ఎండిన పిదప పెఱికి పాఱవైతుము. ఇంత సులభముగా పెరుగు మొక్కను గూర్చి చెప్పవలసిన దేమున్నదని శ్రోతలు అడుగవచ్చును. బంతి మొలచుట వేఱు. మనకు కావలసిన నాటికి, కావలసినన్ని పూలు పూయుట వేఱు. ఈ రెంటికిని నడుమ నున్న తెలివిని గూర్చియే నేటి ప్రసంగము.

ఈ మాట వేల్పూరు వంటి గ్రామములకు మిక్కిలి వర్తించును. నిజామాబాదు జిల్లాలో ఆర్మూరు ప్రక్కనున్న ఈ ప్రాంతము పసుపు పంటకు పేరు మోసినది. జాతీయ పసుపు బోర్డు ప్రధాన కార్యాలయము 2025లో నిజామాబాదునందే నెలకొన్నది. ఇక్కడి కృషీవలుడు మృగశిర కార్తె ప్రవేశించిన నాటి నుండి ఎనిమిది తొమ్మిది మాసములు పసుపు చేనిని కంటికి ఱెప్పవలె కాచుకొనును. అట్టి సేద్యగాండ్ర యిండ్లకు సయితము, బతుకమ్మ నాళ్లు రాగానే, బంతిపూలు తూకమునకు కొనితెచ్చుకొనుట తఱచుగా కనబడును. పండుగ దగ్గఱపడిన కొలది పూల వెల పెరుగును. ఇంటి ముంగిట ఎండ యున్నది; మన్ను ఉన్నది; బావి నీరో కుళాయి నీరో ఉన్నది. లేనిదెల్ల దినముల లెక్క.

బంతి మన పండుగలతో నెంతగా పెనవేసికొనినను, పుట్టుకచే మన దేశపు మొక్క కాదు. దీని జన్మభూమి అమెరికా ఖండము. విశేషించి మెక్సికో దేశము. అచ్చటి ప్రాచీనులైన అజ్టెకులు దీనిని పూజలందును ఔషధములందును వాడిరి. నేటికిని మెక్సికో వాసులు నవంబరు మొదట తమ పితరులను స్మరించు దినములలో సమాధులను బంతిపూలతో నింపుదురు. స్పెయిను దేశీయులు అమెరికాలో అడుగిడిన పిదప ఈ మొక్క ఐరోపాకు చేరినది. మన దేశమునకు పోర్చుగీసువారి ద్వారా వచ్చినదని సామాన్యముగా చెప్పుదురు. 1753లో లినేయసు పండితుడు పెద్ద మొక్కకు టాజెటీస్ ఎరెక్టా అనియు, చిన్నదానికి టాజెటీస్ పాట్యులా అనియు పేరిడెను. ఆంగ్లేయులు పెద్దదానిని ఆఫ్రికా బంతి యనియు, చిన్నదానిని ఫ్రెంచి బంతి యనియు పిలుతురు. నిజమునకు రెండును ఆ దేశములవి కావు.

మన వాడుకలో పెద్దది ముద్దబంతి, చిన్నది కారబంతి. పేర్లు ఊరూర కొంత మాఱవచ్చును. ముద్దబంతి రెండు మూడడుగుల యెత్తు పెరిగి, పచ్చని లేక నారింజ వన్నెగల నిండు పూలు పూయును. కారబంతి సాధారణముగా అడుగు ఎత్తునకు అటునిటుగా ఉండి, గుబురుగా పెరిగి, కావియు పచ్చయు కలసిన చిన్న పూలు పూయును. చోటు తక్కువగా ఉన్నవారికి, కుండీలలో పెంచువారికి కారబంతి మేలు. బతుకమ్మను పేర్చుటకు, తోరణములు కట్టుటకు ముద్దబంతి మేలు.

2014లో తెలంగాణ రాష్ట్ర పండుగగా ప్రకటింపబడిన బతుకమ్మలో పేర్చు పూలను ఒక్కసారి తలచి చూడుడు. తంగేడు అడవులందును బీళ్లయందును తనంత తానే పూయును. గునుగు చేలలో, గట్లమీద ఎవరును విత్తకయే మొలచును. బంతి మాత్రము మనుష్యుడు విత్తిన చోటనే మొలచును. కలుపు మందు చల్లిన గట్టున గునుగు మిగులదు. బీడు భూమి ఇండ్ల స్థలమైనచో తంగేడు మిగులదు. అడవియు పొలమును ఇచ్చు పూలు తగ్గిన కొలది, మన చేతి మీదుగా పూయు పూవునకు ప్రాధాన్యము హెచ్చును. అందుచే పెరటి బంతి కేవలము అలంకారము కాదు; పండుగను నిలుపు సాధనములలో నొకటి.

ఇక మొక్క స్వభావమును తెలిసికొందము. మనము పూవని చెప్పునది నిజముగా ఒక్క పూవు కాదు. అనేక సూక్ష్మ పుష్పముల గుంపు. పొద్దుతిరుగుడు, చామంతి, బంతి – ఇవన్నియు ఒక్క కుటుంబమునకు చెందినవి. బంతిపూవును నిలువుగా చీల్చి చూచినచో, ఒక్కొక్క రేకు అడుగున సన్నని పుల్లవంటి భాగ మొకటి కనబడును. అదియే గింజ కాబోవునది. అనగా మనము రేకు అనుకొనునది తనంత తానొక పూవు. ఈ సంగతి తెలిసినచో రెండు విషయములు సుబోధకమగును. మొదటిది: ఒక్క ఎండుపూవు నుండి పదుల కొలది గింజలు ఎట్లు వచ్చుచున్నవో తెలియును. రెండవది: పూవును కొమ్మమీదనే వాడనిచ్చినచో మొక్క తన బలమునంతయు అన్ని గింజలను పోషించుటకే వెచ్చించి, క్రొత్త మొగ్గలను తగ్గించుకొనునని తెలియును. పూలు కోసిన కొలది బంతి పూయుననుట ఇందుచేతనే.

బంతికి మొదట కావలసినది ఎండ. దినమునకు ఆఱు గంటలకు తక్కువ కాకుండ సూటియైన యెండ పడవలెను. నీడపట్టున నాటిన మొక్క వెలుగును వెదకుచు సన్నగా సాగిపోవును. కణుపుల నడుమ దూరము పెరుగును. ఆకులు పెద్దవియగును గాని మొగ్గలు తగ్గును. వాన పడినపుడు ఆకుల తడి త్వరగా ఆఱక తెగుళ్లు పుట్టును. చూచుటకు ఏపుగా ఉన్నదని సంతసించుచుండగనే పండుగ దాటిపోవును. స్థలమును నిర్ణయించుటకు ఒక సులభోపాయము కలదు. మబ్బు లేని యొక దినమున ఉదయము తొమ్మిది గంటలకు, మధ్యాహ్నము పండ్రెండు గంటలకు, తిరిగి మూడు గంటలకు మీరు తలచిన చోటును చూడుడు. మూడు వేళలందును అచ్చట ఎండ యున్నచో అది బంతికి తగినచోటు. వేపచెట్టు నీడను గాని, పందిరి నీడను గాని ఆశ్రయింపరాదు. పసుపు కొంత నీడకు ఓర్చుకొనును. అందుచేతనే మన ప్రాంతమున పసుపు చేలలో మొక్కజొన్నను అంతర పంటగా వేయుదురు. అదే చేనిలో మొక్కజొన్న క్రింద బంతిని నాటినచో ఆకే గాని పూవు దక్కదు. బంతికి ప్రత్యేకముగా ఒక చిన్న మడి యుండుటయే యుక్తము.

రెండవది దినముల లెక్క. బతుకమ్మ పండుగ చాంద్రమానమును అనుసరించి వచ్చును. మొక్క సూర్యుని అనుసరించి పెరుగును. భాద్రపద అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై, ఆశ్వయుజ శుద్ధాష్టమి నాటి సద్దుల బతుకమ్మతో పండుగ ముగియుట సామాన్యాచారము. కాని ఆంగ్ల తేదీలలో ఈ దినము ఏటేట మాఱుచుండును. 2023లో సద్దుల బతుకమ్మ అక్టోబరు 22న వచ్చినది. 2025లో సెప్టెంబరు 30న వచ్చినది. రెంటికిని మూడు వారములకు పైగా అంతరమున్నది. ప్రతి సంవత్సరము ఒకే తేదీన విత్తువారికి ఒక యేడు పూలు ముందుగా ముగియుటయు, మఱియొక యేడు మొగ్గలు విప్పకుండుటయు ఇందువలననే కలుగును.

కావున లెక్క పండుగ నుండి వెనుకకు సాగవలెను. నాటు ముద్దబంతి విత్తిన నాటి నుండి నిండుగా పూయుటకు సుమారు 90 దినములు పట్టును. కారబంతికి 60 నుండి 65 దినములు చాలును. సద్దుల నాటి నుండి 90 దినములు వెనుకకు లెక్కించినచో, 2023 సంవత్సరమునకు జూలై 24వ తేదీయు, 2025 సంవత్సరమునకు జూలై 2వ తేదీయు వచ్చును. కార్తెల లెక్కలో చెప్పవలెనన్న, పండుగ ముందుగా వచ్చు సంవత్సరమున ఆరుద్రలోను, ఆలస్యముగా వచ్చు సంవత్సరమున పుష్యమిలోను విత్తనము పడవలెను. దీపావళికి పూలు కావలసినవారు మొదటి విత్తనము పడిన మూడు వారములకు రెండవ మడిని విత్తుకొనవలెను. సంస్థలు వెలువరించిన కొన్ని రకములకు కాలమింకను ఎక్కువ పట్టును. ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థవారి పూసా నారంగి గేందా నాలుగు మాసములకు పైగా తీసికొనును. అందుచే విత్తనము కొనునపుడు రకము పేరును, పూతకు పట్టు దినములను అడిగి తెలిసికొనుట ముఖ్యము.

పగటి నిడివి కూడ పూతను శాసించును. వేల్పూరు ప్రాంతమున జూన్ మాసములో పగలు సుమారు 13 గంటలు. డిసెంబరులో సుమారు 11 గంటలు. పగలు తగ్గుచుండగా ముద్దబంతి త్వరపడి మొగ్గ తొడుగును. ఆషాఢ శ్రావణములలో ఆకును కొమ్మను పెంచుకొని, పగలు కుఱుచయగు ఆశ్వయుజమునకు పూతకు వచ్చుట దానికి సహజము. శరత్కాలపు బంతికి గల నిండుదనమునకు కారణమిదియే.

విత్తనములను నేరుగా పెరటిలో చల్లుట కంటె నారు పోసి నాటుట మేలు. నారుమడి నేలకంటె నాలుగంగుళముల యెత్తుగా ఉండవలెను. వానకాలమున నీరు నిలిచినచో మొలకలు మొదలంట కుళ్లిపోవును. మెత్తని మన్ను, ఇసుక, బాగుగా మాగిన పశువుల పెంట సమపాళ్లలో కలిపి మడి చేయవలెను. గింజలను వరుసలుగా పేర్చి, పైన వేలి గోరంత మందమున మట్టి కప్పి, సన్నని జల్లుగా నీరు చిలుకరింపవలెను. వారము లోపల మొలక వచ్చును. మొలకలు దట్టముగా ఉన్నచో కొన్నింటిని తీసివేయుటకు సంకోచింపరాదు. మొలక వచ్చిన నాటి నుండియే నారుమడికి ఎండ కావలెను; నీడలో సాగిన నారు నాటిన పిదప కూడ నిలదొక్కుకొనదు. పెద్ద వాన కురియునపుడు మాత్రము గడ్డి తడికెను పైన అడ్డముగా నిలిపినచో చాలును.

నాలుగు వారములకు నారు నాటుటకు సిద్ధమగును. అప్పటికి ఒక్కొక్క మొక్కకు మూడు నాలుగు జతల ఆకులుండును. నల్లరేగడి నేలలో నీరు నిలుచును గనుక బోదెలు ఎగదోసి వాటిపై నాటవలెను. చెలక నేలలో నీరు త్వరగా ఇంకును గనుక, గంపెడు పెంట కలిపి పాదులు చేసికొనిన చాలును. ముద్దబంతి మొక్కల నడుమ అడుగున్నర దూరము, కారబంతి మొక్కల నడుమ అడుగు లోపు దూరము ఉంచవలెను. నాలుగు వరుసలు, వరుసకు అయిదు మొక్కలు – ఏడెనిమిది అడుగుల పొడవు, ఆఱడుగుల వెడల్పు గల మడిలో ఇరువది ముద్దబంతి మొక్కలు పట్టును. శ్రద్ధగా పెంచినచో ఒక యింటి బతుకమ్మకు, గుమ్మపు తోరణమునకు ఇది చాలును. నాటుట సాయంకాలమున చేయుడు. నాటిన వెంటనే నీరు పోసి, వేరు చుట్టును మట్టిని వేళ్లతో అదుముడు.

మూడవది మన చేతి నిగ్రహము. బంతిని చెడగొట్టువారిలో అశ్రద్ధ చేయువారి కంటె అతిశ్రద్ధ చేయువారే ఎక్కువ. యూరియా వేసినచో మొక్క వారము దినములలో నిగనిగలాడును. ఆకు ముదురు రంగునకు వచ్చును. కొమ్మలు నీరుపట్టి, గాలి వీచినపుడు వంగి విఱుగును. మొగ్గ మాత్రము ఆలస్యమగును. నాటుటకు ముందు కలిపిన పెంటయే పెరటి బంతికి ముఖ్యాహారము. పూత మొదలు పెట్టునపుడు మఱియొక గుప్పెడు మాగిన ఎరువును మొదట వేసి మట్టి కప్పినచో చాలును. నీటి విషయమునను ఇదియే సూత్రము. వ్రేలిని అంగుళమున్నర లోతునకు గ్రుచ్చి చూడవలెను. తడి తగిలినచో ఆనాడు నీరు పోయరాదు. పోయునపుడు మొదట పోయవలెను గాని తలపై పోయరాదు. నిండు ముద్దపూవు నీటిని పీల్చుకొని, లోపల కుళ్లి, బరువుతో కొమ్మను విఱుచును.

ముద్దబంతికి తల త్రుంచుట యొక ముఖ్యమైన పని. నాటిన నాలుగవ వారములో, నడిమి కాండపు కొనను రెండాకులతో గోటితో గిల్లివేయవలెను. అట్లు చేయనిచో నడిమి కాండముపై ఒక పెద్ద పూవు పూసి, ప్రక్క కొమ్మలు బలహీనముగా నిలుచును. కొన త్రుంచినచో ప్రక్క కొమ్మలు నాలుగు వైపులకు సాగి, మొక్క గుబురై, మొగ్గలు పెక్కులగును. దీనివలన పూత పది పదునైదు దినములు ఆలస్యమగును; మనము చెప్పుకొనిన 90 దినములలో ఈ ఆలస్యము కూడ చేరియున్నది. పండుగకు అయిదు వారముల లోపల మాత్రము కొనను త్రుంచరాదు. త్రుంచినచో పూలు పండుగ దాటిన పిదప వచ్చును. కారబంతి తనంత తానే గుబురుగా పెరుగును గనుక దానికి ఈ పని అక్కఱలేదు.

తెగుళ్ల మాట సంగ్రహముగా చెప్పుదును. పొడివాతావరణమున ఎఱ్ఱనల్లి యనబడు సూక్ష్మకీటము ఆకుల అడుగున చేరి రసము పీల్చును. ఆకుపై చుక్కలు పడి, సన్నని సాలెగూడు వంటిది కనబడును. ఉదయమున ఆకుల అడుగు భాగమునకు నీటిని బలముగా చిమ్మి కడిగినచో మొదటి దశలో చాలవఱకు తగ్గును. తగ్గనిచో 50 గ్రాముల వేపగింజల పప్పును దంచి, లీటరు నీటిలో రాత్రియంతయు నానబెట్టి, వడగట్టి, కొలదిగా సబ్బు కలిపి చల్లవలెను. మొగ్గను తొలుచు పచ్చపురుగును చేతితో ఏరివేయుటయే పెరటికి తగిన చికిత్స. వానలు ఎడతెగనపుడు వచ్చు ఆకుమచ్చకు, మచ్చపడిన ఆకులను తీసి దూరముగా పాఱవేయుట, మొక్కల నడుమ గాలి ఆడనిచ్చుట ముఖ్యము. పండుగ పూలపై తీవ్రమైన పురుగు మందులు చల్లుట ఏమాత్రము తగదు. ఈ పూలను స్త్రీలు చేతులతో పేర్తురు, పిల్లలు ముట్టుకొందురు, తుదకు బతుకమ్మను చెఱువులో విడుతురు. పూవుపై చల్లినది చేతికిని నీటికిని చేరకపోదు.

ఆ పచ్చపురుగే టమాట కాయను కూడ తొలుచును. టమాట కంటె బంతిపూవునందు దానికి మక్కువ యెక్కువ. ఈ స్వభావమును ఆధారముగా గొని, బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవారు 16 వరుసల టమాటకు ఒక వరుస బంతి చొప్పున ఎరపంటగా నాటుమని సూచించిరి. రెండును ఒకే కాలమున పూతకు రావలెను గనుక, 25 దినముల టమాట నారుతోపాటు 45 దినముల బంతి నారును నాటుట అందలి కిటుకు. కూరగాయల మడి గల గృహిణులు ఈ పద్ధతిని చిన్న యెత్తున అనుసరింపవచ్చును. కాని బంతిపై చేరిన పురుగును ఏరివేయుట మఱచినచో, ఎర వేసి చేపను పట్టకున్నట్లగును.

ఇక నేలలోపల బంతి చేయు పనిని గూర్చి పసుపు రైతులు తెలిసికొనదగిన సంగతి యొకటి కలదు. పసుపు వేళ్లలోను కొమ్ములలోను కంటికి కనబడని నులిపురుగులు చేరి, బుడిపెలు పుట్టించి, మొక్కను నీరసింపజేయును. శాస్త్రజ్ఞులు వీటిని నెమటోడు లందురు. బంతి నాటిన నేలలో ఇవి తగ్గుచున్నవని శాస్త్రజ్ఞులు గమనించిరి. 1947లో బంతి రేకుల నుండి ఆల్ఫా టెర్థైనిల్ అను పదార్థమును వేఱుచేసిరి. 1958లో హాలెండు దేశపు శాస్త్రజ్ఞులు ఉలెన్‌బ్రూక్, బైలో అనువారు, అదే పదార్థము బంతి వేళ్లలో ఉండి నులిపురుగులను చంపగలదని నిరూపించిరి. అంతేకాక, కొన్ని రకముల బంతి వేళ్లలోనికి దూఱిన వేరుబుడిపె పురుగుపిల్ల అచ్చట పెరిగి గ్రుడ్లు పెట్టలేక నశించును.

అయితే ఈ విషయమున లోకమునందు ఒక పొరపాటు వ్యాపించినది. చేని గట్టున నాలుగు బంతి మొక్కలు నాటిన చాలును, నేల శుద్ధియగునని కొందఱు తలతురు. అది సరికాదు. బంతి ప్రభావము బ్రతికియున్న వేరు చుట్టును కొలది దూరమునకే పరిమితము. కోసిన మొక్కలను తెచ్చి మట్టిలో కలిపినను అంతటి ఫలము రాదు. ఫలము కావలెనన్న, పసుపు వేయబోవు నేలయంతటను ఏడంగుళముల దూరమున దట్టముగా నాటి, కనీసము రెండు మాసములు పెరుగనీయవలెను. నడుమ కలుపు మొలవనీయరాదు. ఏలన నులిపురుగులు కలుపు వేళ్లలో తలదాచుకొనును. నూఱు చదరపు అడుగులకు సుమారు మూడు వందల మొక్కలు పట్టును. ఇంత దట్టముగా నాటినచో పూవు చిన్నదగును. పూవు కొఱకు నాటు బంతి వేఱు, నేల కొఱకు నాటు బంతి వేఱు అని గ్రహింపవలెను.

మన ప్రాంతమున దీనికి అవకాశము లేకపోలేదు. పసుపు త్రవ్వకము జనవరిలో మొదలై మార్చి వఱకు సాగును. తిరిగి పసుపు విత్తుట జూన్ మాసమున. జనవరి మొదట నారు పోసి, ముందుగా త్రవ్విన మడిలో ఫిబ్రవరిలో నాటినచో, ఏప్రిలు చివరకు రెండు మాసములకు పైగా వేరు పనిచేయును. ఆ నడుమ వచ్చు ఉగాదికి, శ్రీరామనవమికి, పెండ్లిండ్లకు కొన్ని పూలు కూడ దక్కును. కాని వేసవిలో తడి పెట్టుటకు నీరుండవలెను; బావిలో నీరు తక్కువైనచో ఈ పని తలపెట్టరాదు. మఱియొక హెచ్చరిక: పసుపునకు వచ్చు దుంపకుళ్లు ప్రధానముగా శిలీంధ్రముల వలన కలుగునది, దానికి బంతి మందు కాదు. చేనిలో ఉన్నది నులిపురుగో, కుళ్లో మొదట తేల్చుకొనవలెను. కమ్మర్‌పల్లిలోని పసుపు పరిశోధన కేంద్రమువారిని సంప్రదించి, ఒక మూల చిన్న మడిలో చేసి చూచి, ఫలము కనబడిన పిదపనే విస్తరించుట వివేకము.

పూలు కోయుట ఉదయపు చల్లదనమున జరుగవలెను. ముందునాటి సాయంకాలము నీరు పోసియుంచినచో పూలు ఎక్కువ సేపు వాడవు. సద్దులకు రెండు మూడు దినములు ముందుగా విప్పిన పూలను కోసి, తడి లేకుండ వెదురు గంపలో పలుచగా పఱచి, నీడను ఉంచిన నిలుచును. మిగిలిన పూలను ఎరువు గుంటలో వేయుడు. పసుపు కొమ్మునకు వన్నె నిచ్చునది కుర్కుమిన్. బంతి రేకునకు వన్నె నిచ్చునది ల్యూటిన్. రెండును పచ్చనివే యైనను వేఱువేఱు పదార్థములు. ల్యూటిన్ కొఱకు బంతిని విస్తారముగా సాగుచేయు ప్రాంతములు మన దేశమున కలవు. కోడిగ్రుడ్డు సొనకు రంగు వచ్చుటకై కోళ్ల దాణాలో దానిని కలుపుదురు.

తుదకు విత్తనమును గూర్చి. అన్ని మొక్కల నుండియు విత్తనము తీయరాదు. అందఱికంటె ముందు, నిండుగా, తెగులు లేక పూసిన మూడు నాలుగు మొక్కలకు దారము కట్టి గుఱుతుంచుడు. వాటిపై కొన్ని పూలను కోయక విడిచి, కొమ్మపైననే పూర్తిగా ఎండనీయుడు. రేకులు పట్టి లాగినపుడు అడుగున నల్లని సూదివంటి గింజ వచ్చినచో అది పండినదని తెలియవలెను. తెల్లగా మెత్తగా ఉన్నది తాలు. బంతి ఒక మొక్క పుప్పొడి మఱియొక మొక్కకు చేరుటచే గింజ కట్టును గనుక, ముద్దబంతిని కారబంతిని ప్రక్కప్రక్కన పెంచినచో మఱుసటి యేటి పూలు తల్లిని పోలకపోవచ్చును. సంకరజాతి విత్తనముతో పెంచిన మొక్కల గింజలును అట్లే. వాటిని నమ్ముకొనినవారు ఏటేట విత్తనము కొనవలసినదే. నాటు బంతి విత్తనము చేజాఱినచో, పెరటి పూవు కూడ సంత సరుకే యగును. కావున గింజలను నీడన ఆఱబెట్టి, కాగితపు పొట్లములో కట్టి, పైన రకము పేరును సంవత్సరమును వ్రాసి, తడి తగులని చోట దాచుడు. ఒక సంవత్సరము దాటిన గింజకు మొలక తగ్గుచుండును గనుక ప్రతి యేట క్రొత్త విత్తనము తీయుట మంచిది.

క్రొత్త పంచాంగము చేతికి రాగానే ఆశ్వయుజ శుద్ధాష్టమి ఏ తేదీన వచ్చునో చూడుడు. అచ్చట నుండి 90 దినములు వెనుకకు లెక్కించి, ఆ దినమున గోడమీది క్యాలెండరుపై ఒక గుఱుతు పెట్టుడు. విత్తనపు పొట్లమును ఆ క్యాలెండరు ప్రక్కన మేకునకు తగిలింపుడు. ఇంటిలోని బాలికలలో ఒకరికి ఆ పొట్లమును, ఆ గుఱుతును అప్పగించుడు. వానకాలమున ఆ పిల్ల విత్తిన గింజ సద్దుల నాడు ఆ పిల్ల చేతితోనే బతుకమ్మపై చేరును.